కాగితం ఒప్పుకోని భార్య

కొమొతిని
14 నవంబర్ 1996

ఎవాంథియా పెద్దమ్మా,

నీకు చెప్పకుండా బస్సెక్కి వచ్చేసిన మీర్సినీ రెండు వారాల తర్వాత తలవంచుకుని రాస్తున్న ఉత్తరమిది. పరీక్ష ఉందని నాన్నతో అన్నాను. పరీక్ష ఏమీ లేదు. ఇంకొక గంట వోలోస్‌లో ఉంటే నాన్నతో వీధిలోనే పోట్లాడి ఉండేదాన్ని. పెదనాన్నను మట్టిలో పెట్టి ఒక్కరోజైనా కాకముందే ఇంటి పరువు తీయడం ఎందుకని వచ్చేశాను.

కోపం దేనికో చెబుతాను. బేకరీ ముందు కరెంటు స్తంభానికి అంటించిన చావు నోటీసు చదివాను. "స్టెర్గియోస్ గలానిస్, 63 సంవత్సరాలు, సిమెంటు కర్మాగారంలో ఫోర్‌మన్. సోదరుడు జీసిస్, మరదలు, సోదరుని కుమార్తె మీర్సినీ, బంధుమిత్రులు." అంతే. నీ పేరు లేదు. ముప్పై నాలుగేళ్ళు ఆయన చొక్కాల్లో సిమెంటు దుమ్ము దులిపిన మనిషి పేరు ఆ నల్లంచు కాగితం మీద లేదు. నాన్నను అడిగితే, "నోరు మూసుకుని కొవ్వొత్తి పట్టుకో" అన్నాడు.

ఆసుపత్రిలోనూ అంతే. నువ్వు లోపలికి వెళ్ళబోతే నర్సు ఫైలు చూసి, "మీరు భార్య కాదుగా, బయట కూర్చోండమ్మా" అంది. నువ్వు ఒక్క మాట అనకుండా బయట బల్ల మీద కూర్చున్నావు. చేపల బజారులో తూకం తక్కువైతే బజారంతా దద్దరిల్లేలా అరిచే నువ్వు, అక్కడ ఎందుకు ఊరుకున్నావు?

నిన్ను భార్య కాదనే హక్కు వాళ్ళకెక్కడిది? కర్మాగారం పెన్షన్లో భార్యకు వచ్చే భాగం నీది. అది దయాదానం కాదు. ఆయన పీల్చిన దుమ్ముకు ఆయన తరఫున నీకు దక్కవలసిన ప్రతిఫలం. నేను చదివేది న్యాయశాస్త్రం. రెండో సంవత్సరమే కావచ్చు, కానీ వాదించడానికి డిగ్రీ చేతికొచ్చేదాకా ఆగనక్కరలేదు.

ఫోన్ చేస్తే లైను లేదంటున్నారు. ఉత్తరమే రాయి.

నీ
మీర్సినీ


వోలోస్
23 నవంబర్

మీర్సినీ బంగారూ,

ఫోన్ ఆయన పేరున ఉంది. పేరు మార్చాలంటే భార్యననే కాగితం తెమ్మన్నారు. కట్ చేసుకోండి నాయనా అన్నాను. ఆయన గొంతు వినిపించని ఫోన్ మోగితే ఎంత, మోగకపోతే ఎంత.

ముందు మీ నాన్న సంగతి. ఆ నోటీసు నేనే రాయించాను. మీ నాన్న ప్రెస్సు దగ్గర మొండికేశాడు. "వదినా, నీ పేరు లేకపోతే నేను సిగ్గుతో చస్తాను" అన్నాడు. "నువ్వు సిగ్గుతో చావు మరిదీ, నేను ఆకలితో చావకుండా ఉంటాను" అన్నాను. అక్షరాలు పేర్చేవాడు నవ్వాలో ఏడవాలో తెలియక కిటికీలోంచి బయటికి చూశాడు. కాబట్టి ఆయనకు క్షమాపణ రాయి.

ఇప్పుడు అసలు సంగతి విను. నీకు ఆరేళ్ళప్పటి మాట. మా నాన్న రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి పోయాడు. అప్పటి రూలు ఏమిటంటే, ఉద్యోగి పోతే పెళ్ళికాని కూతురికీ, విడాకులైన కూతురికీ బతికినంతకాలం ఆ పెన్షన్ వస్తుంది. మొగుడున్న కూతురికి రాదు. అదే ఏడు కర్మాగారం వాళ్ళు మీ పెదనాన్నను ఇంట్లో కూర్చోబెట్టారు. తొమ్మిది నెలలు. ఆయన ఒకరోజు కాఫీ తాగుతూ, "ఎవాంథియా, మనం విడిపోదామా?" అన్నాడు. "కాఫీ బాలేదా?" అన్నాను. అలా మొదలైంది.

కోర్టులో జడ్జి కారణం అడిగితే, "ఈవిడ వంట గొంతు దిగడం లేదండీ" అన్నాడు, నా వంటతోనే లావెక్కిన మనిషి. విడాకులిచ్చారు. అక్కణ్ణించి తిన్నగా రేవు దగ్గరికెళ్ళి వేయించిన చేపలు తిన్నాం. పెళ్ళినాడు కూడా అంత నవ్వలేదు. తర్వాత బిషప్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, చర్చి కూడా మా పెళ్ళి రద్దు చేసిందని. ఆ రోజు మాత్రం ఆయన నవ్వలేదు. ఆ కాగితం మడిచి ఎక్కడ దాచాడో ఇవాళ్టికీ నాకు తెలియదు.

తొమ్మిది నెలలకు మళ్ళీ పనిలోకి పిలిచారు. వెంటనే మళ్ళీ పెళ్ళి చేసుకుందామనుకున్నాం. కానీ నెల నెలా వచ్చేదానికి ఇల్లు అలవాటుపడుతుంది కదా. వచ్చే ఏడు, వచ్చే ఏడు అని పద్నాలుగేళ్ళయింది. అందుకే ఆసుపత్రిలో నోరెత్తలేదు. ఆ నర్సు చెప్పింది కాగితం ప్రకారం నిజమే.

పెళ్ళినాడు మా ఇద్దరి తలల మీద పెట్టిన కిరీటాల్లో ఆయనది ఆయనతో మట్టిలోకి పంపాలి కదా. రెండు కిరీటాల మధ్య రిబ్బను కత్తిరించబోతే మీ నాన్న కళ్ళతోనే వద్దన్నాడు, గది నిండా జనం. వంటింట్లోకి తీసుకెళ్ళి కత్తిరించి, పెట్టె మూయబోతుండగా ఆయన కాలరు సర్దుతున్నట్టు వంగి, ఆయన కిరీటం కోటు లోపల పెట్టేశాను. నా మొగుడి కిరీటమే దొంగసొత్తులా దాచాను తల్లీ.

నీతో ఒక పని. కర్మాగారం నిధి నుంచి అంత్యక్రియల ఖర్చు ఇస్తారట. భార్యే కానక్కరలేదు, ఎవరు బిల్లు కట్టారో వాళ్ళకిస్తారు. బిల్లులన్నీ నా పేరునే ఉన్నాయి. ఆఫీసు భాష నాకు రాదు. సంతకం పెట్టిన ఖాళీ కాగితం ఒకటి ఇందులో పెట్టాను. ఖర్చు మాట ఒక్కటే రాసి పంపు.

ఉల్లిపాయలు వేసి కుందేలు మాంసం వండాను, ఇద్దరికి సరిపడా. చెయ్యి మరిచిపోయింది.

పెద్దమ్మ


కొమొతిని
5 డిసెంబర్

ప్రియమైన పెద్దమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, రెండోసారి ఏడ్చాను, మూడోసారి కలం తీశాను.

నాన్నకు క్షమాపణ రాశాను. ఆయన ఒక పోస్టుకార్డు పంపాడు: "సరే." ఇన్నేళ్ళలో నాకు రాసిన ఉత్తరాల్లో ఇదే పెద్దది.

నువ్వు తప్పు చేశానన్నట్టు రాశావు. నేనలా అనుకోవడం లేదు. కూతురిగా ఉంటే తినిపిస్తాను, భార్యగా ఉంటే తినిపించనని చట్టం ఒక స్త్రీతో అన్నప్పుడు, ఆమె అబద్ధమాడలేదు. చట్టమే ఆమె చేత అబద్ధం ఆడించింది. భార్యాత్వమంటే రిజిస్టరులో ఒక గీత కాదు. ఒకే కప్పు కింద గడిచిన ముప్పై నాలుగేళ్ళ జీవితం. ఆ జీవితాన్ని రుజువు చేయగలిగితే గీత దానంతట అది ఓడిపోతుంది.

అందుకని నువ్వు పంపిన కాగితం మీద ఖర్చు మాటతో ఆగలేదు. దానికి ఏడు పేజీలు జతచేసి, నీ తరఫున కుటుంబ పెన్షన్ కూడా కోరాను. విడాకులు కాగితం మీదనే జరిగాయని, ఎందుకు జరిగాయో కూడా దాచకుండా రాశాను. తలుపు గంట మీద ఉన్న ఇద్దరి పేర్లు, మంచం మీద గోడకున్న కిరీటాల పెట్టె, ఇద్దరికీ ఒకటే డాక్టరు, ఒకటే చర్చి చందా రసీదు, అన్నీ వరసగా పెట్టాను. మీ నాన్న పెన్షన్ వదులుకుని భర్త పెన్షన్ తీసుకుంటావు. భర్తదే ఎక్కువ కూడా. అబద్ధం పోతుంది, అన్నం మిగులుతుంది.

మా వాదోపవాదాల సంఘంలో చదివి వినిపిస్తే, ప్రతిపక్షంగా కూర్చున్నవాడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. రిజిస్టరు పోస్టులో పంపేశాను.

రైతులు ట్రాక్టర్లతో రోడ్లన్నీ మూసేశారు. నలభయ్యో రోజు ప్రార్థనకు రాలేకపోతున్నాను. నా బదులు ఒక కొవ్వొత్తి వెలిగించు.

గర్వంగా,
నీ మీర్సినీ


వోలోస్
9 డిసెంబర్

బంగారు తల్లీ,

నిన్న ఆదివారం నలభయ్యో రోజు ప్రార్థన జరిపించాం. గోధుమలు ఉడికించి, ఆరబెట్టి, దానిమ్మ గింజలు కలిపి, పైన పంచదార పొడితో ఆయన పేరు రాశాను. చర్చిలో ఫాదరు గారు ఆయన పేరు మూడుసార్లు చదివారు. మూడోసారి మీ నాన్న బయటికెళ్ళిపోయాడు, సిగరెట్టు అని. జేబులో సిగరెట్లు లేవని నాకు తెలుసు.

రోడ్లు మూసేశారు, నువ్వు రాలేవని తెలిసి నీ కొవ్వొత్తి నేనే వెలిగించాను. రోడ్లు మూసినందుకు రైతులను తిట్టకు, వాళ్ళ కష్టం వాళ్ళది.

నీ జవాబు ఇంకా అందలేదు. ఖర్చుల కాగితం పంపావా? నీకు అందులో ఒక జాగ్రత్త చెప్పడం మరిచాను. పెన్షన్ మాట మాత్రం ఎక్కడా ఎత్తకు. ఆయన పెన్షన్ అడగాలంటే ఆయనతో కాపురం చేశానని చెప్పాలి. కాపురం చేశానని చెబితే పద్నాలుగేళ్ళు మా నాన్న పెన్షన్ దొంగగా తిన్నదాన్ని అవుతాను, అంతా తిరిగి కట్టాలి. ఒకే వాకిలికి రెండు తాళాలు, ఒకటి తీస్తే రెండోది పడిపోతుంది. మా వీధిలో నాతో కలిపి నలుగురం విడాకులవాళ్ళం. నలుగురం ఎవరి మొగుడికి వాళ్ళమే వండిపెడుతున్నాం. కాబట్టి నోరు జాగ్రత్త.

చలికి బూట్లు కొనుక్కున్నావా?

పెద్దమ్మ


కొమొతిని
16 డిసెంబర్

పెద్దమ్మా,

మన ఉత్తరాలు దారిలో ఎదురెదురుగా వెళ్ళిపోయాయి. నీది నాకు అందేసరికి నాది నీకు చేరి ఉంటుంది.

నిధి ఆఫీసుకు ఫోన్ చేశాను. "దరఖాస్తు నమోదైంది, చాలా వివరంగా ఉంది, రైల్వే పెన్షన్ శాఖకు నకలు పంపాం" అన్నాడు అవతలి మనిషి. వెనక్కి తీసుకుంటానన్నాను. "మీరెవరు?" అన్నాడు. సంతకం నీది. మాటలు మాత్రమే నావి.

తిరిగి కట్టించే నిబంధన నాకు తెలియక కాదు. దాని మీద ఒక పేరా కూడా రాశాను, అది అన్యాయమని. అన్యాయమని నిరూపిస్తే అమలు కాదనుకున్నాను. అన్యాయమని తెలిసీ అమలు చేయగలరన్న సంగతి నాకు తట్టలేదు.

నువ్వు ఖర్చు మాట ఒక్కటే రాయమన్నావు. నేను వినలేదు. తిట్టు పెద్దమ్మా. దయచేసి తిట్టు.

మీర్సినీ


వోలోస్
22 జనవరి 1997

మీర్సినీకి,

నెలరోజులు రాయలేదు. కోపంతో కాదు. రాయడానికి కూర్చుంటే తిట్లు వచ్చేవి, చింపేసేదాన్ని. నాలుగు చింపాక ఇది మిగిలింది.

జనవరిలో పెన్షన్ రాలేదు. తర్వాత రైల్వే పెన్షన్ శాఖ నుంచి పిలుపు వచ్చింది. మొన్న వెళ్ళాను. జలుబుతో ముక్కు ఎర్రబడిన ఒక అమ్మాయి కూర్చుని ఉంది, నీకంటే ఐదారేళ్ళు పెద్దదేమో. నీ ఏడు పేజీలు ఆమె ముందున్నాయి.

"అమ్మా, ఇది మీరు రాశారా?"

"చూడు, నాకు ఇంత తెలివుంటే నీ కుర్చీలో కూర్చునేదాన్ని."

ఆమె నవ్వు ఆపుకుంది. "మరి సంతకం?"

"సంతకం నాదే."

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. మంచి పిల్ల. వాళ్ళమ్మ కూడా ఇలాంటిదే ఏదో చేసి ఉంటుంది. ఒక దారి చెప్పింది. ఖాళీ కాగితం మీద సంతకం తీసుకుని మరిది కూతురు తన ఇష్టానికి కథ అల్లిందని, విడాకుల తర్వాత స్టెర్గియోస్ గలానిస్ నా ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాడని, అంతకుమించి సంబంధం లేదని నేను ఒక ప్రకటన ఇస్తే, మా నాన్న పెన్షన్ మళ్ళీ మొదలవుతుంది. లేకపోతే అది పోతుంది, పద్నాలుగేళ్ళదీ కట్టాలి, ఇల్లు జప్తులోకి వెళుతుంది. మీ పెదనాన్న పెన్షన్ మాత్రం ఎలాగూ రాదట. విడాకులు విడాకులేనట. నీ ఏడు పేజీలూ ఒప్పుకుంటారు, కానీ నన్ను పట్టుకోవడానికే ఒప్పుకుంటారు.

ఇరవై రోజులు గడువు. ప్రకటన ఇస్తే నీ మీద కేసు పెడతారా అని అడిగాను. "పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు" అంది.

మిగతా ముగ్గురు ఆడవాళ్ళు నా వాకిలి ముందు నడవకుండా అవతలి పక్కనుంచి వెళుతున్నారు. తప్పు పట్టను.

ఏం చేయమంటావు? వాదించకు. ఊరికే చెప్పు.

పెద్దమ్మ


కొమొతిని
30 జనవరి

పెద్దమ్మా,

సంతకం పెట్టు.

వాదించవద్దన్నావు కాబట్టి కారణాలు రాయను. నేను అబద్ధాలకోరునని రాయి. మోసంతో సంతకం తీసుకున్నానని రాయి. కేసు పెడితే పెట్టనీ. లాయరు పట్టా రాకపోతే రాకపోనీ. ఏ వాదనతో నీ అన్నం పోగొట్టానో ఆ వాదనతో రేపు ఇంకొకరి దగ్గర ఫీజు ఎలా తీసుకుంటాను? చదువు మానేస్తానని ఇక్కడ చెప్పేశాను కూడా.

పెదనాన్న ఉంటే ఆయనే చేయి పట్టుకుని పెట్టించేవాడు. అద్దెకున్నవాడినని చెప్పుకోవడానికి ఆయనకేం నామోషీ? జడ్జి ముందు నీ వంటనే తిట్టిన మనిషి.

పెట్టు పెద్దమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

మీర్సినీ


వోలోస్
19 ఫిబ్రవరి

మీర్సినీ తల్లీ,

నీ ఏడు పేజీల నకలు ఆ ఆఫీసు అమ్మాయిని అడిగి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి కళ్ళద్దాలు తుడుచుకుని, రెండు రోజులు కూర్చుని చదివాను. ఎంత బాగా రాశావే. మమ్మల్ని ఇంత గమనించావని నాకు తెలియదు. అన్నీ నిజాలే, ఒక్క వాక్యం తప్ప. నాలుగో పేజీలో, "ఆయన పక్కగదిలో దగ్గినా ఆ దగ్గు ఏ రకమైనదో ఆమెకు తెలిసేది" అని రాశావు. తెలియలేదు తల్లీ. సెప్టెంబరంతా దగ్గాడు. పొగాకు దగ్గనుకున్నాను.

ఎవరికీ చెప్పనిది నీకు చెబుతాను. ఆ సెప్టెంబరులోనే ఒకరోజు మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో కాగితాల కవరుతో వంటింట్లోకి వచ్చాడు. ఇద్దరి జనన పత్రాలు, విడాకుల తీర్పు నకలు, పత్రికలో పెళ్ళి ప్రకటనకు కట్టిన రసీదు. "ఎవాంథియా, మునిసిపాలిటీలో పావుగంట పని. పెళ్ళి చేసుకుందాం" అన్నాడు. నా చేతులనిండా పిండి. "ఈ వయసులో నన్ను పెళ్ళికూతుర్ని చేసి ఊరు నవ్వేలా చేస్తావా? చలికాలం వస్తోంది, హీటరుకు నూనె కొనాలి, మా నాన్న పెన్షన్ ఇప్పుడు వదులుకుంటే ఎలా? ఈస్టర్ తర్వాత చూద్దాం" అన్నాను. "అలాగే" అన్నాడు. కవరు సొరుగులో పెట్టి, చొక్కా విప్పి మడతపెట్టాడు.

ఆయన పోయాక డాక్టరు మీ నాన్నతో అన్నాడట, జబ్బు సంగతి ఆగస్టులోనే చెప్పానని. అంటే తెలిసే వచ్చాడు. పోయేలోపు నన్ను తన భార్యను చేసి, తన పెన్షన్ నా చేతిలో పెట్టి పోదామని వచ్చాడు. నేను నూనె ఖరీదు చెప్పి పంపించాను.

గడువు చివరి రోజు వెళ్ళాను. సంతకం పెట్టాలనే వెళ్ళాను, నీ మాట తీసేయలేదు. ఆ అమ్మాయి ప్రకటన టైపు చేసి ఉంచింది. "'మృతుడు నా ఇంట అద్దెకుండేవాడు.' చదువుకున్నారా అమ్మా? ఇక్కడ పెట్టండి."

"అద్దె ఎంతని రాశావు?"

"అది అక్కర్లేదమ్మా."

"రాయి. పద్నాలుగేళ్ళలో ఒక్క నెల కూడా ఇవ్వలేదు."

ఇద్దరం నవ్వాం. నవ్వు మధ్యలో ఎలా వచ్చిందో మాట వచ్చేసింది. "ఆయన నా మొగుడు" అన్నాను.

ఆమె కలం కింద పెట్టింది. "అమ్మా, నేనేమీ వినలేదు. బయటికెళ్ళి మంచినీళ్ళు తాగి రండి."

వెళ్ళి తాగాను. వరండాలో కాసేపు నిలబడ్డాను. లోపలికొచ్చి మళ్ళీ అదే చెప్పాను. ఆమె ముక్కు తుడుచుకుంది, జలుబుకో దేనికో.

కాబట్టి మా నాన్న పెన్షన్ పోయింది. మీ పెదనాన్నది రాదు. ఇంటి మీద జప్తు నోటీసు వచ్చింది, మీ నాన్న లాయరుతో వాయిదాలు మాట్లాడుతున్నాడు. రేవు దగ్గర ఒక సారా కొట్టు వంటింట్లో పని దొరికింది. పొద్దున్న ఆరింటి నుంచి స్క్విడ్ చేపలు శుభ్రం చేస్తాను. వాటి సిరాకు వేళ్ళు నల్లబడ్డాయి కానీ అక్కడందరూ "స్టెర్గియోస్ గారి భార్య" అని పిలుస్తారు, నేను సరిదిద్దాల్సిన పని లేదు.

నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. ఉంది. కొన్నాళ్ళుంటుంది. అయినా చదువు మానావంటే కొమొతిని వచ్చి మీ సంఘం ముందే చెవి మెలిపెడతాను. ఈసారి ఎవరైనా ఖాళీ కాగితమిస్తే వాళ్ళు చెప్పింది మాత్రమే రాయి.

చివరికి సంతకం ఎక్కడ పెట్టానో చెప్పలేదు కదా. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్న వాంగ్మూలం కింద పెట్టాను. పేరు రాశాక ఇంకా చోటు మిగిలింది. "స్టెర్గియోస్ గలానిస్ వితంతువు" అని రాశాను. ఆ అమ్మాయి చూసి, "అది చెల్లదమ్మా, పైవాళ్ళు కొట్టేస్తారు" అంది.

కొట్టేయనీ అన్నాను. కొట్టేయాలన్నా ముందు చదవాలి కదా.

నీ పెద్దమ్మ
ఎవాంథియా